చుక్క నీరు నిలవని ప్లాటు

1998 మే నెలాఖరు. కొండాపూర్ దాటి కొత్తగూడ వైపు పోయే మట్టిరోడ్డు పక్కన ఒక కొత్త వెంచరు. అందులో చివరి వరుసలో, చివరి ప్లాటు దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు: ప్లాటు చూపించే కొత్తగూడ యాదయ్య, అనంతపురం జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దన్న, ఆయన భార్య ఈశ్వరమ్మ.

"చుక్క నిలవదు పెద్దయ్యా. పైన ఎంత వాన కొట్టినా సరే, అటు పడ్డది ఇటు పోతది. నా మాట మీద నమ్మకం లేకుంటే నేల చూడుండ్రి, ఎట్ల ఎండి ఉన్నదో."

"చుక్క గూడా నిలవదా యాదయ్యా?"

"ఒక్క చుక్క నిలవదు."

"ఏమే ఈశ్వరమ్మా, ఇంటివా? చుక్క గూడా నిలవదంట. పా, పోదాం."

"పోదామా? ఎటు పోతరు? ఇప్పుడే గదా వచ్చిండ్రు! జర ఆగుండ్రి పెద్దయ్యా. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"తప్పేం లేదప్పా. సూస్తిమి, అయిపాయ. ఎండ గూడా ఎక్కువుండాది."

"అమ్మా, మీరన్న చెప్పుండ్రి. కూకట్‌పల్లి నుంచి బస్సులు మారి వచ్చిండ్రు. ప్లాటుల కాలు పెట్టకుండనే మర్లిపోతరా?"

"ఆయన అంతే నాయనా. మాట నచ్చకుంటే నిలబడడు. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు గూడా ఇట్లే లేసి పోయినాడు. మా నాయన ఎనకాల ఉరికి పట్టుకొచ్చె."

"ఏ మాట నచ్చలేదమ్మా?"

"నీళ్లు లేవంటివి గదా."

"అయ్యో! నీళ్లు లేవని ఎప్పుడన్న? నీళ్లు నిలవయి అన్న. గది వేరు, గిది వేరు. బోరు ఏసుకోండ్రి, నూరడుగులు పోకముందే గుప్పున లేస్తయి. ఎండకాలం సుత తగ్గవు."

"బోరు మాట ఎత్తొద్దప్పా."

"ఎందుకు పెద్దయ్యా?"

"ఎత్తొద్దంటి గదా."

"బోరు మాట ఇంటే ఆయనకు జరం వస్తాది నాయనా. ఉన్న చేనంతా జల్లెడ చేసినాడు బోర్లేసి. దుమ్ము లేసె గానీ తేమ లేయలే. చివరి బోరు లారీ పోయిన దినం నుంచి ఆ శబ్దం ఇంటే చాలు, చెవులు మూసుకుంటాడు."

"అట్లనా. సరే, బోరు వద్దు. మునిసిపాలిటీ నల్లా వస్తది. ఇయ్యాల కాకుంటే రేపు. అదిగో, అటు చూడుండ్రి. గుండ్రంగ బిల్డింగు లేస్తున్నది చూసిండ్రా? అద్దాలు సుత పెట్టిండ్రు. అది తెరిసిన్నాడు గీ రోడ్డు రోడ్డు కాదు, బంగారం. కంప్యూటరోళ్లు కిరాయి ఇల్లు దొరకక మీ గేటు ముందల లైను కడతరు."

"మా కొడుకు వినయ్ గూడా ఇదే చెప్తాడు. వాడు ఆ కంప్యూటర్ల పనే చేసేది. ఇంటికొస్తే గజాలు, గజాలు. ఇంగో మాట రాదు."

"చదువుకున్న పిలగాడు, కరెక్టు చెప్పిండు. చూడుండ్రి పెద్దయ్యా, తూర్పు ముఖం ప్లాటు. గీడ గేటు పెడితిరా, గీ మూలకు సంపు, గీడ మెట్లు. కింద మీరుంటరు, మీద రెండు పోర్షన్లు కిరాయికి ఇస్తరు..."

"అప్పా, వాలు ఎటుండాది?"

"ఏం వాలు?"

"నేల వాలు. ఆ పక్క మిట్టగా కనపడతాంది. ఆడ పడిన వాన యాడికి పోతాది?"

"యాడికంటే... అటు పోతది."

"అటు అంటే?"

"అటే, ఊరవతలికి."

"మిట్ట ఎక్కి పోతాదా?"

"పెద్దయ్యా, నిజం చెప్పుండ్రి. కొత్తగూడల ఎవరన్న మీకేమన్న చెప్పిండ్రా? చాయ హోటలు కాడ ఒకడుంటడు, బట్టతల. వాడు చెప్పిండా? వాని మాట నమ్మకుండ్రి. వాడు ఎవ్వని బేరమూ కానియ్యడు."

"మాకెవరూ ఏమీ చెప్పలే. నువ్వే చెప్పు. బోరు నీళ్లు కాదు, నల్లా నీళ్లు కాదు. పైన నిలిచే నీళ్లు. కంటికి కనపడేవి. ఉంటాయా, ఉండవా?"

"నన్ను పరీక్ష పెడుతున్నరు మీరు."

"పరీక్ష ఎందుకు పెడతానప్పా? నేను చదివింది మూడో క్లాసు."

"అమ్మా, ఆయన సంచిల నుంచి ఏంది తీస్తున్నడు? కొబ్బరికాయనా? పూజ ఇప్పుడే చేస్తరా? బయానా పైసలు ఇయ్యకముందేనా?"

"పూజ కాదు నాయనా. ఆ టెంకాయ అరచేతిలో పండబెట్టుకొని నడుస్తాడు. కింద నీళ్లుండే సోట లేసి నిలబడతాదంట."

"నిలబడతదా?"

"నిలబడకుండా ఎట్ల ఉంటాది? మా చేన్లో ఏ మూల పోయినా నిలబడె. అది నిలబడిన సోటల్లా బోరు ఏస్తిమి. టెంకాయ నిలబడె, మేము పడిపోతిమి."

"ఈశ్వరమ్మా, కొంచేపు నోరు మూయి."

"మూసుకుంటా. కానీ నువ్వు గుంతలో పడతావు, కింద సూడు."

"యాదయ్యా, పక్కకు జరుగప్పా. ఆ... ఆ... సూడు. సూడు, సూడు!"

"లేసె! ఓ నాయనా, నిజంగానే లేసె!"

"గాలికి లేసింది పెద్దయ్యా."

"గాలి యాడుండాది? ఆ పిచ్చిచెట్టు ఆకు గూడా కదల్లేదే."

"చేతుల చెమట ఉంటది. జారుతది."

"జారితే కింద పడతాది. లేసి నిలబడతాదా? ఈ పక్క వస్తే ఇంగా నిటారుగా నిలబడతాంది. యాదయ్యా, ఈ మన్ను యాడిది?"

"మన్నా? మొరం. వెంచరు సారు లారీలతోటి పోయించిండు. లెవెలు కోసం."

"పైది మొరం. కింద ఏముండాది? ఏమే, ఆ పుల్ల ఇటియ్యి."

"గీకకుండ్రి పెద్దయ్యా, పుల్ల ఇరుగుతది! కింద సుత గదే ఉంటది!"

"ఇది నల్లగుండాదే. ఇది ఒండు మన్ను. పట్టి సూడే ఈశ్వరమ్మా, ఎన్నపూస మాదిరి."

"అవునయ్యో. ఎంత మెత్తగుండాది! ఇదేంది, తెల్లగా?"

"నత్తగుల్ల. ఇదొకటి. ఇదిగో, ఇంగోటి."

"లారీల వచ్చి ఉంటయి."

"నత్తలు లారీ ఎక్కి వస్తాయా అప్పా?"

"ఏమో పెద్దయ్యా, ఇయ్యాల రేపు ఎవరైనా ఎక్కుతరు... సరే. సరే, ఒక మాట చెప్త. కోపం తెచ్చుకోవద్దు. వెనకట గీడ కొంచెం తేమ ఉండెనంట. కొంచెమే. ఇప్పుడు లేదు."

"ఎంత తేమ?"

"కొంచెం. గజానికి వెయ్యి చెప్పిన గదా. మీరు పెద్దమనుషులు. వంద తగ్గిస్త."

"ఎందుకు తగ్గిస్తావు?"

"మీ ముఖం చూసి."

"ఇందాకా ఇదే ముఖం గదప్పా."

"నాయనా, నువ్వు పొద్దున్నుంచి ఏమన్నా తింటివా? ముఖం పీక్కపోయింది. ఇదో, సద్దరొట్టె ఉండాది. చెనిక్కాయల పొడి గూడా ఉండాది. తిను."

"వద్దమ్మా."

"వద్దంటావేంది? నిలబడి తినొద్దు, ఆ హద్దురాయి మీద కూసో. పిల్లోళ్లు ఎందరు నీకు?"

"ఇద్దరమ్మా. మా అమ్మ సుత నాతోనే ఉంటది, చంద్రమ్మ. ఊళ్లె ఇల్లు కడుతున్న. కడుతున్న అంటే, గోడలు లేచినయి, నిలబడ్డయి. స్లాబు పడలే. వానలకు ముందు పడాలె. లేకుంటే ఈ ఏడు సుత తాటిపత్రి కిందనే అందరం."

"ఈ ప్లాటు పోతే స్లాబు పడతాదా?"

"పడతది."

"నీదా ప్లాటు?"

"నాదెక్కడిదమ్మా! మా దోస్తుది. నేను నడిమిట్ల మనిషిని. వెంచరంత అమ్ముడుపోయింది, గిదొక్కటి మిగిలింది. దోస్తు పరేషాన్ అయితున్నడు, గందుకే..."

"అన్నీ పోయినంక ఇదొక్కటి ఎందుకు మిగిలె?"

"రొట్టె మంచిగున్నదమ్మా."

"ఏమయ్యా, మాట మార్చినాడు సూడు, అచ్చం నీ మాదిరి."

"యాదయ్యా, ఆ గడ్డి పెరిగిన కట్ట మాదిరి ఏంది? ఆ చివర?"

"గదా? గది... కట్ట కాదు. పాత రోడ్డు."

"రోడ్డు వంకరగా ఉండాదే. కొడవలి మాదిరి. ఆ మధ్యలో రాళ్లు పేర్చినారు, తూము మాదిరి."

"పెద్దయ్యా, ఎనిమిది వందలు. ఇగ ఒక్క రూపాయి తగ్గదు. మొగులయితున్నది చూడుండ్రి. వాన వచ్చేటట్టున్నది. లేవుండ్రి, బస్టాండు కాడ కూసొని, చాయ తాగుకుంట మాట్లాడుకుందాం. బయానా ఆడనే ఇద్దురు గని."

"వస్తే రానీ."

"తడుస్తరు!"

"తడిసి ఎన్నేండ్లాయనో."

"మా ఊర్లో వాన వస్తే ఎవరూ ఇంట్లోకి పోరు నాయనా. ఇంట్లో ఉండేవాళ్లు బయటికొస్తారు. పోయిన సారి నాలుగు చినుకులు పడితే మా పక్కింటి పార్వతమ్మ పెండ్లి పీటల మీద నుంచి లేసొచ్చె సూసేదానికి."

"గీడ అట్ల కాదమ్మా! గీడ వానంటే వానే! మెరుపులొస్తయి! పెద్దయ్యా, దండం పెడత, ముందు రోడ్డెక్కుదాం."

"ఎందుకప్పా అంత భయం? చుక్క నిలవదంటివి గదా?"

"నిలవదు... నిలవదు గానీ, పడేటప్పుడు పడతది గదా!"

"పడేటప్పుడు సూద్దాం. యాడ పడతాది, యాడికి పోతాది. భూమి కొనేటప్పుడు వానలో సూసి కొనల్ల. ఎండలో అన్ని భూములూ ఒకటే మాదిరి ఉంటాయి."

"గిదేం ఆచారమో! కొత్తగూడల ఇన్ని ప్లాట్లమ్మిన, వానల చూస్త అన్నోడు ఒక్కడు లేడు. వానల చూస్తే ఒక్కటి సుత అమ్ముడు..."

"అమ్ముడు?"

"ఏం లేదు."

"ఏమయ్యా! చినుకు పడె. ఇదో, నా చేతి మీద."

"నాకు గూడా పడె. అబ్బ! ఎంత లావు చినుకులు!"

"ఇగ అయిపాయె. నా కర్మ."

"నాయనా, నువ్వెందుకు తడుస్తావు? ఈ సంచి నెత్తిన పెట్టుకో. రొట్టె తడవనియ్యొద్దు, లోపల పెట్టుకో. పెట్టుకోమంటే!"

"అమ్మా, మీరు నాకు సంచి ఇచ్చి మీరు తడుస్తున్నరు..."

"నాకేమైతాది? ఉప్పుగల్లునా కరిగేదానికి? ఏమయ్యా, అటు పోవద్దు, జారతాది!"

"ఈశ్వరమ్మా, ఇట్ల రా! బిరీన రా! రోడ్డు మీది నీళ్లన్నీ ఇటే మళ్లినాయి! మిట్ట మీది నుంచి ఎర్రగా ఎట్ల వస్తాండాయో సూడు! అన్నీ ఇక్కడికే!"

"అన్నీ ఇక్కడికేనా? పక్క ప్లాటుకు పోవా?"

"పక్కదాంట్లో నుంచి గూడా ఇక్కడికే! యాదయ్యా! చుక్క నిలవదంటివే!"

"పెద్దయ్యా, బయటికి రాండ్రి. అమ్మా, మీరు సుత. రాండ్రి, చెప్త. ఇగ దాచి ఏం ఫాయిదా. మీ రొట్టె తిన్న, మీ సంచి నెత్తిన పెట్టుకున్న. మా అమ్మ లెక్కున్నరు మీరు. ఇంకా అబద్ధమాడితే నా నోట్లె పురుగులు పడతయి."

"ఏంది నాయనా?"

"గిది ప్లాటు కాదు. కుంట. మా ఊరి కుంట. గా వంకర రోడ్డు కట్టనే, గా రాళ్లు తూమే. పైవరుస ప్లాట్లు కుంట ఒడ్డు, కింది వరుస కుంట కడుపు. గిదొక్కటి దాని బొడ్డు. కాయితాల మీద కుంట లేదు, అందరికీ ఇండ్ల జాగ అనే రాసి ఇచ్చిండ్రు. నీళ్లకు కాయితం చదవస్తదా? వానకాలం వస్తే మళ్లీ తన జాగల తాను కూసుంటది."

"ఎంత లోతు నిలుస్తాది?"

"మోకాళ్లదాకా."

"మోకాళ్లదాకా! ఇంటివా ఈశ్వరమ్మా?"

"ఇంటి, ఇంటి. ఎన్నాళ్లుంటాది నాయనా?"

"దసరాకు సుత పోదు. దీపావళికి తగ్గుకుంట తగ్గుకుంట పాదాలదాకా అయితది. సంక నాకిపోయినట్టే మీ ఇల్లు. గోడలు చెమ్మగిల్లుతయి, అరుగుల మీద కప్పలు, మంచాల కింద పాములు. కిరాయికి ఎవ్వడు రాడు. పోయిన వానకాలం కింది వరుసల ఒకాయన పునాది తీసిండు, దాంట్ల పిలగాండ్లు ఈత కొట్టిండ్రు."

"మరి మా ఊరి చెరువులో క్రికెట్టు ఆడతారప్పా. వారం వారం సంత గూడా ఆడ్నే జరుగుతాది. చెరువంటే అదే అనుకుంటిమి ఇన్నేండ్లు."

"మీరు గట్లనే అనుకుంటరనే గదా, బయటి జిల్లాలోళ్లకే చూపియ్యాలని... వద్దు పెద్దయ్యా. నేను అమ్మ. పైవరుసల ఒకాయన అమ్ముతనంటున్నడు, రేటు కొంచెం పిరమైతది గానీ మునగదు. పాణం పెట్టి ఇప్పిస్త. గిది మాత్రం వద్దు. మీ కష్టమంత నీళ్లల్ల పోస్తరా?"

"పైది మాకొద్దు."

"ఏంది?"

"పైది వద్దప్పా. ఇదే ఇయ్యి."

"పెద్దయ్యా, నేనింతసేపు చెప్పింది అర్థమైందా లేదా? మునుగుతది! అమ్మా, మీరన్న చెప్పుండ్రి! ఎందుకు నవ్వుతున్నరు ఇద్దరు? నా బతుకు నగుబాటయింది, మీరు నవ్వుతున్నరు!"

"నగుబాటు కాదు నాయనా. వచ్చినప్పట్నుంచి నీళ్లు నిలుస్తాయా, నిలుస్తాయా అని ఆయన అడగతానే ఉండాడు. నువ్వేమో చుక్క నిలవదు, చుక్క నిలవదు అంటివి. ఇంగ కొంచెం సేపు ఆ మాటే అనింటే పోయి బస్సెక్కేవాళ్లం."

"మునిగే జాగల ఇల్లు ఎట్ల కడతరమ్మా?"

"ఇల్లు కట్టేదెవరు?"

"మరి?"

"ఏమయ్యా, నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పే. ఆశ నీది గదా."

"నా ఒక్కదానిదేనా? సరే. వరి నాటేదానికి నాయనా."

"వరా?"

"వరే. నాకు పెండ్లయినప్పట్నుంచి చెనిక్కాయే. అది గూడా వాన పడితే కాసె, లేకుంటే ఎండె. వరి పైరు బస్సు కిటికీలోంచి సూసిందే గానీ, బురదలో కాలు పెట్టి ఒక్క నారు గుచ్చింది లేదు. చచ్చేలోపల ఒక్క మడి, ఇంత మడైనా చాలు, మా చేత్తో నాటి, మా చేత్తో కోయల్లని. చేను అమ్మేసినంక ఈయన అడిగె, ఏం కావల్లే నీకు అని. ఇది అంటి."

"వినయ్‌కు ఇంటి జాగ అనే చెప్పినాం. నువ్వు గూడా అట్లనే చెప్పల్ల. వానికి తెలిస్తే గజాలు, గజాలు అని గుండె పట్టుకుంటాడు."

"పెద్దయ్యా... గీ పైసలకు బియ్యం కొనుక్కుంటే బతికినన్ని రోజులు తింటరు గదా. బస్తాలకు బస్తాలు."

"కొనుక్కొని తింటానే ఉంటిమి గదప్పా ఇన్నేండ్లు."

"ఇండ్ల నడుమ వరి అంటే నవ్వుతరు."

"నవ్వనీ. వాళ్ల ఇండ్లలో నీళ్లు దూరినప్పుడు మేము నవ్వుతామా?"

"ఇంగేంది నాయనా? బేరం కుదిరె గదా. నీకు స్లాబు పడె, మాకు మడి దొరికె. ఎనిమిది వందలు అంటివి. ఆయన సంచిలోనే ఉండాది బయానా, తడవకముందే తీసుకో. ఏమయ్యా, ఇయ్యి."

"ఇదో అప్పా. పట్టుకో. పట్టుకోవేంది?"

"జర ఆగుండ్రి పెద్దయ్యా."

"మళ్లీ ఏమాయ?"

"ఇల్లు కట్టెటోళ్లకైతే గా రేటే అమ్మా, మునిగే జాగ గదా, వదిలించుకునేటోన్ని. గిది దోస్తుది కాదు, కుంట నీళ్లు తగ్గినంక మా నాయిన దున్నిన మడి. వరి నాటెటోళ్లకైతే నేను అంత అగ్గువకు ఇయ్య."